‘గోలీలు పడ్తలేవు’ అంటే ఏమిటి? – షుగర్ మందులతో వచ్చే ఇబ్బందులు, ఎలర్జీలు

"సిస్టరమ్మా, ఈ గోలీలు నాకు పడ్తలేవు. ఇడిసిపెట్టిన."

షుగర్ రోగులను చూసే రోజున మా ఓపీలో ఈ మాట వినకుండా పొద్దు పోదు. చెప్పేవారు అబద్ధం చెప్పరు. ఏదో ఒక బాధ కలిగే ఉంటుంది. అయితే "పడ్తలేదు" అన్న ఒక్క మాట కింద మనం వేర్వేరు సంగతులను కలిపేస్తున్నాం. కడుపులో తిప్పినా పడలేదంటాం, ఒంటి మీద దద్దుర్లు లేచినా పడలేదంటాం, చెమటలు పట్టి కళ్ళు తిరిగినా పడలేదంటాం. వీటిలో ఒకదానికి మందు మానకూడదు, ఒకదానికి అప్పటికప్పుడు మానాలి, మూడోదానికి ముందు నోట్లో చక్కెర పడాలి. ఆ తేడా తెలియక జరిగే నష్టాన్ని ముప్పై ఏళ్ళుగా వార్డులో చూస్తున్నాను కనుక ఈసారి దీని గురించి రాస్తున్నాను.

నల్గొండ దగ్గరి ఒక పల్లె నుండి ఒక అవ్వ వచ్చింది. గోలీ వేసుకుంటే కడుపులో వికారంగా ఉంటోందని రెండు నెలలు మానేసింది. ఎవరికీ చెప్పలేదు. ఈలోగా కాలి బొటనవేలికి ముల్లు గుచ్చుకొని పుండయింది, పుండు నల్లబడింది. వచ్చిన రోజు షుగర్ 480 ఉంది. వేలు తీసివేయక తప్పలేదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, అన్నంతోపాటు వేసుకొంటే చాలావరకు తీరిపోయే ఇబ్బంది అది.

అదే నెలలో పాలమూరు నుండి పట్నానికి మేస్త్రీ పనికి వెళ్ళే ఒక తమ్ముడిని స్పృహ లేని స్థితిలో తెచ్చారు. అతడు కూడా వారం రోజుల నుండి ఇంట్లో "గోలీలు పడ్తలేవు, చెమటలు వడ్తున్నయి, చేతులు వణుకుతున్నయి" అంటూనే ఉన్నాడట. "నీరసం, మెల్లగ అలవాటైతది, మానొద్దు" అని ఇంట్లోవాళ్ళు ధైర్యం చెప్పారు. వచ్చినప్పుడు షుగర్ 32. అవ్వ మానకూడనిది మానింది. తమ్ముడు ఆ రోజే ఆపి రావలసింది ఆపలేదు. ఇద్దరూ అన్నమాట మాత్రం ఒక్కటే.

కడుపులో తిప్పడం ఎలర్జీ కాదు

షుగర్‌కు అందరికంటే ముందు రాసే మందు మెట్‌ఫార్మిన్. ఐరోపాలో పశువుల మేతగా పెరిగే గలేగా అనే మొక్కలోని పదార్థం గురించి జరిగిన పరిశోధనల నుండి ఇది వచ్చింది. 1957లో జీన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు దీనిని షుగర్ రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. ఇన్నేళ్ళయినా దీనికి మించిన చవక మందు, నమ్మకమైన మందు రాలేదనే నా అభిప్రాయం. కానీ ఇది మొదటి రెండు మూడు వారాలు కడుపును సతాయిస్తుంది. వికారం, గ్యాసు, పలుచని విరేచనాలు, నోట్లో ఇనుము నాకినట్టు ఒక రుచి, ఇవన్నీ ఉంటాయి. చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. ఖాళీ కడుపున వేసుకోకుండా జొన్నరొట్టె గానీ అన్నం గానీ సగం తిన్నాక వేసుకొని, మిగతా సగం తినండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు గారు మోతాదు తగ్గిస్తారు, లేదా నెమ్మదిగా కరిగే ఎస్‌ఆర్ మాత్రకు మారుస్తారు.

ఎస్‌ఆర్ మాత్ర గురించి ఒక సంగతి చెప్పాలి. "గోలీ గోలీ లెక్కనే బయటికొస్తున్నది సిస్టరమ్మా, ఒంటికి వడ్తలేదు" అని కొందరు సిగ్గుపడుతూ చెబుతారు. భయపడవద్దు. లోపలి మందు అంతా పేగుల్లోకి దిగిపోయి, పైన ఉండే మెత్తటి పెంకు మాత్రమే అలా రావచ్చు. ఈ మాత్రను విరిచి, నూరి, నమిలి వేసుకోకూడదు. అలా చేస్తే పగలంతా కొంచెం కొంచెంగా దిగవలసిన మందు ఒక్కసారే దిగుతుంది.

ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు. అరికాళ్ళు తిమ్మిరెక్కడం, మంట పుట్టడం, నాలుక నున్నబడడం దీని లక్షణాలు. ఇవన్నీ షుగర్ వల్లేనని అనుకొని ఊరుకుంటారు. రక్తపరీక్ష చేయించి బి12 ఇస్తే కొందరిలో మంచి గుణం కనిపిస్తుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి మాత్రం ఈ మందు ఇవ్వకూడదు. దీని అన్నలాంటి ఫెన్‌ఫార్మిన్ అనే మందు రక్తంలో ఆమ్లం పెంచి ప్రాణాలు తీస్తున్నదని తేలి అమెరికాలో 1970లలోనే మార్కెట్ నుండి తొలగించారు. మెట్‌ఫార్మిన్‌తో అలాంటిది చాలా అరుదు. అయినా సీటీ స్కాన్‌కు రంగుమందు ఎక్కించే ముందు, వాంతులు విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయినప్పుడు "నేను షుగర్ గోలీలు వాడుతున్న" అని తప్పక చెప్పండి.

అసలు భయపడవలసింది షుగర్ పడిపోవడానికి

నాకు ఇచ్చిన స్థలంలో ఎక్కువ భాగం దీనికే వాడుకొంటాను. ఎందుకంటే, పడలేదని మానేసినవారు నెలల మీద నష్టపోతారు. షుగర్ పడిపోయినవారు గంటల్లో నష్టపోతారు.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తెప్పిస్తాయి. మీరు తిన్నారా లేదా అని అవి చూడవు. వేసుకొన్నాక అన్నం ఆలస్యమైతే షుగర్ 70 కంటే దిగిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి మొదట వస్తాయి. తరువాత మాట తడబడుతుంది, కారణం లేకుండా కోపం వస్తుంది, తాగినవాడిలా ప్రవర్తిస్తారు. ఆపైన ఫిట్స్, స్పృహ తప్పడం.

మన రెండు జిల్లాల్లో ఇది ఎక్కడెక్కడ జరుగుతున్నదో నేను చూసినంత వరకు చెబుతాను.

మొదటిది పని. తెల్లవారుజామున గోలీ మింగి, అడ్డా మీదికి వెళ్ళి, పని దొరికితే పదకొండింటికి సద్ది విప్పేవారు ఎందరో. వీరు గోలీని పొద్దున ఇంట్లో మింగకుండా సద్దితోపాటు కట్టుకొని వెళ్ళవచ్చా అని డాక్టరు గారిని అడగాలి. రెండోది ఉపవాసం. మన ముస్లిం సోదరులలో చాలామంది రంజాన్ నెలకు ముందే వచ్చి గోలీల వేళలు, మోతాదులు మార్పించుకొని వెళ్తారు. మన సంఘాలవారు శ్రమదినాల్లో గానీ శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు గానీ అలా రారు. పొద్దున గోలీ మింగి, మధ్యాహ్నం దాకా నీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంటారు. కళ్ళు తిరిగి పడిపోతే చుట్టూ ఉన్నవారికి జరిగినదేమిటో తెలియదు. ఉపవాసం చేయదలచుకొంటే ముందుగా ఒకసారి రండి, కొందరికి మందు మార్చి ఇవ్వవచ్చు, కొందరికి వద్దనే చెప్పవలసి వస్తుంది.

మూడోది కల్లు. ఖాళీ కడుపున కల్లు గానీ సారా గానీ తాగితే కాలేయం చక్కెరను విడుదల చేయలేదు, గోలీ ఒకవైపు లాగుతుంది, కల్లు ఇంకోవైపు. పడిపోయిన మనిషిని "తాగి పన్నడు" అని అరుగు మీద వదిలేస్తారు. షుగర్ ఉన్నవారు మత్తుగా కనిపిస్తే ముందు వేలికి సూది గుచ్చి చూడాలి, తరువాత తిట్టవచ్చు.

నాలుగోది, నాకు ఎక్కువ బాధ కలిగించేది, కీళ్ళ నొప్పుల గోలీలు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్ళు దశాబ్దాలపాటు తాగిన పెద్దవారికి నడుము, మోకాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినా ఎముకల్లో చేరినది వెంటనే పోదు కదా. నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ వంటి గోలీ కొనుక్కొని వేసుకొంటారు. అది ఏళ్ళ మీద కిడ్నీలను దెబ్బతీస్తుంది. అంతకాలం సరిపోయిన షుగర్ గోలీ, కిడ్నీ బయటికి పంపలేక ఒంట్లోనే నిలిచి ఒకనాడు షుగర్‌ను కిందికి లాగేస్తుంది. "పదేండ్ల సంది ఇదే గోలీ వాడుతున్న, ఇప్పుడెందుకు పడ్తలేదు?" అని అడుగుతారు. గోలీ మారలేదు తాతా, కిడ్నీ మారింది. గ్లిబెన్‌క్లమైడ్ అరవై ఏళ్ళు దాటినవారికి తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల పట్టికలోనే రాసింది. మీ ఇంట్లో పెద్దవారు ఇంకా ఆ గోలీనే వాడుతుంటే ఒకసారి చీటీ చూపించండి.

ఇక రెండు చీటీల గొడవ ఉంది. పీహెచ్‌సీలో ఇచ్చిన గోలీ ఒకటి, ప్రైవేటు డాక్టరు రాసిన గోలీ ఒకటి. పట్టీ రంగు వేరు, కంపెనీ పేరు వేరు, లోపలి మందు ఒక్కటే. రెండూ మింగుతారు. పెద్ద అక్షరాల పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడాలి. చదువుకొంటున్న మీ పిల్లలతో చదివించండి.

ఇన్సులిన్ వాడేవారికి సిరంజి గొడవ. 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల దానికి నారింజ మూత సిరంజి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ 100 యూనిట్లది. పెన్ను చెడిపోయిందని దానిలోని ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. ఇది మందు పడకపోవడం కాదు, మందు రెండున్నర రెట్లు ఎక్కువ పడడం.

షుగర్ పడిపోతున్నదని అనుమానం వస్తే మీటరు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ తాగండి, తేరుకోగానే అన్నమో రొట్టెనో తినండి. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ కలిసిన గోలీ వాడేవారికి మాత్రం చక్కెర త్వరగా పనిచేయదు, ఆ మందు చక్కెరను విడగొట్టనీయదు. వారు గ్లూకోజ్ పొడి పొట్లం ఎప్పుడూ జేబులో, కొంగుముడిలో ఉంచుకోవాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు, చక్కెర ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. గోలీల వల్ల పడిపోయిన షుగర్ ఒకసారి లేచి మళ్ళీ పడుతుంది. అందుకే గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చొన్న మనిషిని కూడా ఆ రాత్రికి వార్డులో ఉంచుతాం. "బాగనే ఉన్నడు కదా, బిల్లు కోసం ఉంచుతున్నరు" అని గొణిగేవారికి ఇదే నా జవాబు.

నాటుమందు పొడుల గురించి ఒక్క మాట. వేపాకు, నేరేడు గింజల మాట నేను ఎత్తను. పేరు, చిరునామా లేని డబ్బాల్లో వచ్చే పొడుల మాట ఎత్తుతున్నాను. 2008లో సింగపూర్‌లో షుగర్ లేని నూటయాభై మంది దాకా మగవారు షుగర్ పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు. వారిలో చాలామంది వాడిన లైంగిక శక్తి గోలీలలో గ్లిబెన్‌క్లమైడ్ కలిపారని తేలింది. నలుగురు చనిపోయారు. "మూలికలే" అని అమ్మిన పొడి వెంటనే షుగర్‌ను సగానికి దించితే సంతోషించకండి, అనుమానించండి.

నిజమైన ఎలర్జీ

షుగర్ మందులకు నిజమైన ఎలర్జీ తక్కువ. కానీ వచ్చినప్పుడు ఆలస్యం పనికిరాదు.

పైన చెప్పిన గ్లిబెన్‌క్లమైడ్ జాతి మందుల పుట్టుకే ఒక వికటింపు నుండి జరిగింది. 1942లో ఫ్రాన్సులోని మాంట్‌పెలియర్ ఊరిలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తున్న జాన్‌బాన్ అనే వైద్యుడు, కొందరికి షుగర్ పడిపోయి ఫిట్స్ రావడం గమనించాడు. ఆ దారిన పోతే ఈ గోలీలు దొరికాయి. సల్ఫాకు బంధువులే కనుక, గతంలో సెప్ట్రాన్ వంటి సల్ఫా గోలీలకు ఒళ్ళంతా పొక్కినవారు ఆ మాట ముందే చెప్పాలి. అలాంటివారిలో ఎక్కువమందికి షుగర్ గోలీ ఏమీ చేయదు, అయినా డాక్టరుకు తెలిసి ఇవ్వడం వేరు, తెలియక ఇవ్వడం వేరు.

కొత్త గోలీ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో, ఒక్కోసారి కొన్ని వారాల్లో, దురదతో దద్దుర్లు లేస్తే గోలీ ఆపి, ఆ పట్టీతో సహా మరుసటి రోజుకల్లా రండి. జ్వరంతోపాటు దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడడం, చర్మం కాలినట్టు బొబ్బలెక్కి ఊడడం ఉంటే మరుసటి రోజు కాదు, ఆ పూటే రావాలి. పెదవులు, నాలుక, ముఖం ఉబ్బి, గొంతు బిగుసుకుపోయి, ఊపిరి ఆడకపోతే నిమిషాలు లెక్క. 108కి చెప్పి, మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టండి. పడుకొంటే ఊపిరి ఆడదంటే కూర్చోబెట్టండి. దానికి తొడలో ఇచ్చే అడ్రినలిన్ సూది ఉంది. గోలీకి గోలీ విరుగుడు అని ఇంట్లో సెట్రిజన్ వేసి చూస్తూ కూర్చొనే సమయం కాదది.

ఇన్సులిన్ విషయంలో మొట్టమొదటి సూదే వికటించింది. 1922 జనవరి 11న టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి ఇచ్చారు. మందులో మలినాలు ఎక్కువగా ఉండి సూది వేసిన చోట గడ్డ లేచింది, షుగర్ పెద్దగా దిగలేదు. ఆపేశారు. కాలిప్ అనే శాస్త్రవేత్త రాత్రింబగళ్ళు కష్టపడి మందును శుభ్రం చేశాక జనవరి 23న మళ్ళీ ఇస్తే ఆ కుర్రవాడు తేరుకొన్నాడు, ఆపైన పదమూడేళ్ళు బతికాడు. మేము నర్సింగ్ చదివే రోజుల్లో పంది, ఎద్దు క్లోమాల నుండి తీసిన ఇన్సులిన్ వాడేవారం, సూది వేసిన చోట గుంటలు పడడం, దురద పెట్టడం అప్పుడు మామూలు. ఇప్పటి ఇన్సులిన్‌తో అవి బాగా తగ్గాయి. మొదటి వారాల్లో సూది వేసిన చోట కొంచెం ఎర్రబడినా చాలామందిలో అదే పోతుంది. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే మాత్రం వెంటనే చెప్పాలి.

ఫ్రిజ్‌లో నుండి తీసిన చల్లటి ఇన్సులిన్, ఆరని స్పిరిట్ మంట పుట్టిస్తాయి, అది ఎలర్జీ కాదు. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ మెత్తటి గడ్డ కడుతుంది, నొప్పి తెలియదని అక్కడే పొడుచుకొంటారు. ఆ గడ్డలో మందు సరిగా ఇంకక షుగర్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ వస్తుంది. చోటు మార్చండి. ఫ్రిజ్ లేనివారు ఎండాకాలం సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో ఉంచిన కొత్త కుండలో భద్రపరచవచ్చు.

కొత్త గోలీలు

పయోగ్లిటజోన్ కాళ్ళ వాపు, బరువు పెంచుతుంది, గుండె బలహీనంగా ఉన్నవారికి ఇవ్వరు. మూత్రాశయ క్యాన్సర్ భయంతో మన దేశంలో 2013 జూన్‌లో దీని అమ్మకం నిలిపివేశారు, జూలై చివర హెచ్చరికతో మళ్ళీ అనుమతించారు. మూత్రంలో రక్తం కనిపిస్తే ఆగకుండా రండి.

డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో ముగిసి ధర తగ్గాక చాలామంది చీటీల్లో కనిపిస్తున్నది. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మందే. ఇది చక్కెరను మూత్రంలో పంపిస్తుంది కనుక మర్మాంగాల దగ్గర దురద, తెల్లని పొర, పుండు రావచ్చు. మన అక్కలు, అమ్మలు ఈ సంగతి చెప్పలేక గోలీ మానేస్తారు, లేదా బాధ భరిస్తారు. మా సిస్టర్లకు చెప్పండి, గది తలుపు వేసి వింటాం. శుభ్రత, ఒక పూత మందుతో చాలావరకు తగ్గుతుంది. వాంతులయ్యి తిండి లేని రోజున, ఆపరేషన్‌కు ముందు ఈ గోలీ ఆపాలి, ఎప్పటి నుండో డాక్టరు చెబుతారు. ఈ గోలీ వాడేవారికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటరులో షుగర్ మామూలుగా కనిపించినా నమ్మవద్దు, ఆసుపత్రికి రావాలి.

సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ జాతి గోలీలతో అరుదుగా పెద్దవయసు వారికి దురదతో నీటి బొబ్బలు వస్తాయి. గోలీ మొదలుపెట్టిన ఎన్నో నెలలకు వస్తాయి కనుక దీనిని ఎవరూ అనుమానించరు. ఇంకొకటి, ఎడతెగని పొడిదగ్గుకు షుగర్ గోలీని తిట్టేవారు తమ బీపీ గోలీ పేరు చూసుకోవాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్ కొందరికి దగ్గు తెప్పిస్తాయి, అప్పుడప్పుడు పెదవులు కూడా ఉబ్బుతాయి.

మీరు వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీలన్నీ, నొప్పుల గోలీలు, పసరు మందులు, పొడులతో సహా ఒక సంచిలో వేసుకొని రండి. "తెల్ల గోలీ, చిన్నగుంటది" అంటే మాకు తెలియదు, షుగర్ గోలీలలో సగం తెల్లవే. ఏ గోలీ ఏ తేదీన మొదలుపెట్టారు, బాధ ఎన్ని రోజులకు, గోలీ వేసుకొన్న ఎన్ని గంటలకు వచ్చింది, మానితే తగ్గిందా, ఈ నాలుగు చెబితే సగం పని అయినట్టే. ఎలర్జీ అని తేలితే ఆ మందు పేరు మీ ఓపీ పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయిస్తాం. పుస్తకం చిరిగి కొత్తది తీసుకొన్నప్పుడు ఆ ఎర్రగీత కూడా కొత్తదానిలోకి ఎక్కించమని మీరే అడగాలి. మందులు వికటించిన సంగతి నమోదు చేయడానికి మన దేశంలో 2010 నుండి ఫార్మకోవిజిలెన్స్ అనే కార్యక్రమం ఉంది. రోగులు కూడా నేరుగా 1800 180 3024కు ఖర్చు లేకుండా ఫోన్ చేసి చెప్పవచ్చు. దాని ఫారం తెలుగులో కూడా ఉంది, నింపడం రాకపోతే మా నర్సింగ్ స్టేషన్‌లో ఎవరిని అడిగినా పక్కన కూర్చొని నింపుతారు.